వేసవి చార్టులో ఒక ఖాళీ గడి

మా ఇంట్లో నన్ను అడిగి చేసిన పనులు అప్పటికి రెండే. ఒకటి, ఆముదం తాగుతావా అని అడగడం. రెండోది, తాగావా అని అడగడం. అందుకని, ఐదో తరగతి పరీక్షలు అయిపోయిన సాయంత్రం బాపు నన్ను పిలిచి, "సెలవులల్ల ఏం జేద్దామనుకుంటున్నవ్ బిడ్డా? నీకేమనిపిస్తున్నది?" అన్నప్పుడు నేను సంతోషించలేదు. ఆముదం సీసా ఉండే గూటి వైపు చూశాను. సీసా అక్కడే ఉంది. అనుమానం ఇంకా పెరిగింది.

బాపు బోధన్‌లో చక్కెర మిల్లులో ఫిట్టరు మేస్త్రి. చెరుకు ఆడే ఐదారు నెలలూ ఆయన మాకు కనిపించేవాడు కాదు, ఆయన చెప్పులు కనిపించేవి. గుమ్మం దగ్గర చెప్పులుంటే నిద్రపోతున్నాడని, లేకపోతే డ్యూటీలో ఉన్నాడని. ఎండలు ముదిరేసరికి చెరుకు అయిపోతుంది, మిల్లు ఆగుతుంది, మిషన్లన్నీ విప్పి కడిగి మళ్ళీ బిగించే పని మొదలవుతుంది. అప్పుడు అందరికీ పగటి డ్యూటీయే. దాన్ని జనరల్ షిఫ్టు అంటారు. పొద్దున మిల్లు భోంగా కూస్తే పోతాడు, సాయంత్రం భోంగా కూస్తే వస్తాడు. కానీ సీజనంతా పాతికమందికి డ్యూటీలు రాసి రాసి అలవాటు పడిన చెయ్యి ఊరుకోదు కదా. పాతికమంది లేకపోతేనేం, ముగ్గురు ఆడపిల్లలం దొరికాం.

పద్నాలుగేండ్ల అక్క, పదేండ్ల నేను, మూడేండ్ల చెల్లె. నేను నడిపిదాన్ని. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ముందు ముందు కేసంతా దీని మీదే నడుస్తుంది.

బాపు మిల్లు నుంచి పాత నక్షా కాగితం తెచ్చి, వెనకవైపు గడులు గీశాడు. అడ్డంగా ఆరు వారాలు, నిలువుగా మేం ముగ్గురం. ఆయన పెన్సిలు మామూలుది కాదు. ఉమ్మి తగిలితే ఊదారంగు దిగే పెన్సిలు. దానితో రాసింది రబ్బరుకు పోదు, సబ్బుకూ పోదు. రాసే ముందు ఆయన నాలుకకు అద్దుకునేవాడు కాబట్టి గొప్ప నిర్ణయాలన్నీ ఊదారంగు పెదవుల నుంచే వచ్చేవి.

"మొదటి వారం?" అన్నాడు.

"చింతపండు," అంది అవ్వ. మా దిక్కు తల్లిని అవ్వ అంటాం. "గింజలు దియ్యాలె. గంప నిండ ఉన్నది."

"ఎవలు?"

"ముగ్గురు."

"చిన్నది మూడేండ్లదే!"

"అది గింజలు మింగకుంట కూసునుడు గూడ ఒక పనే గద."

బాపు చెల్లె గడిలో 'చింతపండు, మింగరాదు' అని రాశాడు. రెండో వారం ముగ్గురమూ రెంజల్ దిక్కు మేనమామ ఊరికి. మూడో వారం క్వార్టర్ల చివర ఇంట్లో కుట్టుమిషన్ నేర్చుకోవడం, అక్కకూ నాకూ.

"ఇది నా ఎంబడి వస్తె నేను వోను," అంది అక్క. "గుండీ కుట్టుమంటె మనిషిని కుడ్తది."

"ఒక్కసారే గద," అన్నాను.

"అంగి ఒంటి మీదున్నప్పుడే కుట్టిందవ్వా!"

అక్క మాటకు విలువ ఇచ్చి నన్ను గుండీలకే పరిమితం చేశారు. నాలుగో వారం వచ్చింది. నన్ను అడిగారు కదా, నేనూ చెప్పాను. "పోచంపాడ్ కాడ గోదారికి కట్ట కడుతున్నరంట బాపూ. మనం వోయి సూసొద్దాం."

"సూద్దాం," అన్నాడు బాపు.

మా ఇంట్లో ఆ మాటకు అర్థం వేరే. వంటింటికి కిటికీ పెట్టించడం 'సూద్దాం'. మేక పిల్లను కొనడం 'సూద్దాం'. ఆ మేక పిల్ల ఇప్పటికి ముసలిదై పోయి ఉండాలి. నేను పోచంపాడ్ మీద ఆశ వదులుకున్నాను. బాపు అక్క గడిలో 'కుట్టు' అని, చెల్లె గడిలో 'ఆట' అని రాశాడు. నా గడి మీద పెన్సిలు ఒక్క క్షణం ఆగి, దాటి అయిదో వారానికి పోయింది. అయిదో వారం అందరికీ మామిడికాయ తొక్కు పెట్టే పని. ఆరో వారం పుస్తకాలకు అట్టలు వేసుకోవడం.

"బాపూ, నా డబ్బ ఒకటి ఖాళీ ఉన్నది."

"ఉంటది."

"ఎందుకుంటది?"

"ఒకటి ఖాళీ ఉండాలె. మిల్లుల గూడ ఉంచుత."

"చెల్లెకే ఖాళీ లేదు, నాకెందుకు?"

బాపు అవ్వ వైపు చూశాడు. అవ్వ చింతపండు గంప వైపు చూసింది. గంప ఎవరి వైపూ చూడలేదు. ఆ గదిలో నిజాయితీగా ఉన్నది అదొక్కటే.

చార్టు గోడకు అంటించగానే అక్క తన వరుస చదువుకుంది. "బాపూ, నీళ్ళు తెచ్చుడు ఇంట్ల ఉండే అయిదు వారాలు నా పేర్ననే ఉన్నది. ఒక వారం కొట్టెయ్యరాదు?"

"కొట్టెయ్యద్దు," అన్నాడు బాపు. "రాసింది కొట్టేస్తె ఇగ చార్టుకు ఇజ్జత్ ఏముంటది? బదిలి కావాల్నంటె ఇద్దరి సంతకం గావాలె. ఇచ్చెటోళ్ళది, తీసుకునెటోళ్ళది. మిల్లుల గదే కాయిద, గదే రూలు."

అక్క నావైపు చూసింది. నాకు సంతకం చేయడం రాదని చెప్పాను. ఐదో తరగతి పరీక్ష రాసి వచ్చినదాన్నే, కానీ ఆ పూటకు మరిచిపోయాను.

*

ఒక ఖాళీ గడికి ఇంత భయమా అని మీరనుకోవచ్చు. మా దిక్కు సంగతి చెప్పాలి. పిల్లలు లేని అక్కకు చెల్లె తన పిల్లల్లో ఒకరిని ఇవ్వడం మా వాళ్ళలో తప్పు కాదు. సాదుకోవడం అంటారు. దానికి కాగితం ఉండదు, పూజ ఉండదు, చుట్టాలకు భోజనాలు ఉండవు. ఎండాకాలం సెలవులకని పిల్ల పోతుంది. సెలవులు అయిపోతాయి. పిల్ల రాదు. బడి అక్కడ మొదలవుతుంది. అంతే.

మా క్వార్టర్ల వరసలో మూడో ఇంటి పిల్ల అలాగే పోయింది. మామిడిపండ్లు తిని వస్తానని పోయింది, నా గచ్చకాయలు ఐదూ దాని దగ్గరే ఉండిపోయాయి. దసరాకు వచ్చినప్పుడు చూడబోయాను. తల్లి దాన్ని మంచం మీద కూర్చోబెట్టి, కప్పు కింద సాసరు పెట్టి చాయ్ ఇచ్చింది. ఆ ఇంట్లో సాసరు చుట్టాలకే. నీళ్ళ బిందె ఎక్కడుందో తెలిసీ ఆ పిల్ల, "జర నీళ్ళిస్తవా?" అని కన్నతల్లినే అడిగింది. అప్పటి నుంచీ నాకు సాసర్లంటే అనుమానం. అంత మర్యాదస్తురాలిని గచ్చకాయలు అడిగితే బాగుండదని ఊరుకున్నాను.

ఇక మా ఇంటి సంగతి. నిజామాబాద్‌లో మా పెద్దమ్మ ఉంది, అవ్వకు సొంత అక్క. పిల్లలు లేరు. ఆమె భర్త, మా పెద్దబాపు, పసుపు అమ్మే గంజ్ బజారులో గుమాస్తా. ఆయన చొక్కాలు, వాళ్ళ దుప్పట్లు, గోడలు, చివరికి వాళ్ళ పిల్లి మూతి కూడా పచ్చగానే ఉండేవి. ఉగాదికి వచ్చినప్పుడు పెద్దమ్మ నన్ను భుజాలు పట్టి ఒక చుట్టు తిప్పింది, అంగట్లో ఎడ్లను చూసినట్టు. తర్వాత దారం తీసి నా పాదం కొలిచి, ముడి వేసి కొంగుకు కట్టుకుంది. చెప్పులకట. అక్క పాదం కొలవలేదు. ఆ మధ్యాహ్నం వంటింట్లో నుంచి ఆమె గొంతు వినపడింది. మా పెద్దమ్మ గుసగుస చెప్పినా రెండిళ్ళ అవతలికి వినపడుతుంది.

"నడిప్దాన్ని నాకియ్యరాదే చెల్లె. మంచిగ సాదుకుంట."

"ఆయన్నడగాలె గదక్కా."

బాపు చెరుకు సీజను నిద్ర నుంచి లేచి, ఏ మాటా పూర్తిగా వినకుండానే, "సూద్దాం వదినె," అన్నాడు.

లెక్క నాకు తెలుస్తూనే ఉంది. ముగ్గురిలో పెద్దది ఇంటి పనికి కావాలి. చిన్నది ఇంకా తల్లి కొంగు వదలలేదు. మిగిలింది నడిపిది. మిల్లు స్టోరులో ఫాల్తు బేరింగులు ఉంటాయి. వాటికి గ్రీజు పూసి, కాగితం చుట్టి, అవసరం వచ్చేదాకా మంచిగా చూసుకుంటారు. చార్టు అంటించిన వారం అవ్వ నా తలకు ఎప్పుడూ లేనంత నూనె పెట్టింది. నా లంగా అంచు విప్పి నాలుగు వేళ్ళ పొడుగు దింపింది. ఆరు వారాల సెలవులకు నాలుగు వేళ్ళు ఎందుకు? పైగా పాల మీగడ నాకు వేసింది. నేను సీసా పగలగొట్టినా తిట్టలేదు. తిట్టని తల్లిని చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

"నువ్వు వోతె కిటికి కాడి మంచం నాకే," అంది అక్క.

"ఏడికి వోత?"

"నాకేం తెల్సు? ఉత్తగన్న."

ఉత్తగా అన్న మనిషి అప్పటికే మంచం కింద తన పెట్టె జరిపి పెట్టుకుంది.

*

బాపుకు సద్ది డబ్బా ఇవ్వడానికి మిల్లుకు పోయినప్పుడు అసలు చార్టు చూశాను. మిల్లంతా విప్పి నేల మీద పరిచి ఉంది, బారసాలకు వచ్చిన చుట్టాలు పడుకున్నట్టు. బాపు ఏదో గొట్టంలో నడుం దాకా దూరి ఉన్నాడు. గోడ మీద చార్టులో నిజంగానే ఒక గడి ఖాళీగా ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. పక్కనే గ్రీజు తుడుచుకుంటున్న హెల్పరును అడిగాను.

"అన్నా, గా డబ్బ ఎందుకు ఖాళీ ఉన్నది?"

"గదా? అది మీ బాపు అలవాటు. ఏదన్న ఇరిగితె పంపనీకె ఒక మనిషిని ఖాళీ వెడ్తడు. ఒక్క డబ్బన్న ఖాళీ లేకుంటె ఆయనకు బువ్వ సయించది."

అంటే ఇది ఒట్టి అలవాటు. నేను నవ్వబోయి, ఇంకో ప్రశ్న అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ప్రతిపారి ఈ ఒక్కాయన పేరుకే ఎందుకుంటది?"

"ఆయనొక్కడే గద, ఏడికి పొమ్మన్న పోతడు. పిల్లా జెల్లా లేరు. తీసేస్తె ఇంకో పని ఆగది."

డబ్బా ఇచ్చి వచ్చేశాను. తీసేస్తే ఇంకో పని ఆగని మనిషి. ఇంత స్పష్టంగా నా గురించి అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

మొదటి రెండు వారాలూ చార్టు ప్రకారమే గడిచాయి. చింతపండు అయింది, చెల్లె రెండు గింజలు మాత్రమే మింగింది. మేనమామ ఊరు అయింది. మూడో వారం నడుస్తుండగా నిజామాబాద్ నుంచి కార్డు వచ్చింది.

మా ఇంట్లో ఉత్తరాలు చదివేది నేనే. అవ్వకు చదువు రాదు. బాపు డ్యూటీలో ఉన్నాడు. అక్క కుట్టు దగ్గర ఉంది. ఆ రోజు నేను రెండు గుండీలు కుట్టి ముందే వచ్చేశాను, వాళ్ళే పంపించేశారు. అవ్వ చెల్లెకు పేలు చూస్తూ, "సదువు," అంది. కార్డు మూల పసుపు వేలిముద్ర ఉంది. పెద్దబాపు దస్తూరి గుండ్రంగా ఉంటుంది.

'ఇక్కడ అందరం క్షేమం. మీరు చెప్పిన ఖాళీ వారంలో నడిపి అమ్మాయిని తోలగలరు. స్టేషనుకు నేనే వస్తాను. బడి పెద్దసారుతో మాట్లాడినాను, జూన్‌లో పేరు రాసుకుంటామన్నారు. మీ అక్క రోజూ దారి చూస్తున్నది.'

ఉరిశిక్ష పడ్డవాడి చేతికే తీర్పు ఇచ్చి చదవమన్నట్టుంది. అయినా చదవడం నా ఉద్యోగం. క్షేమం చదివాను. తోలగలరు చదివాను. స్టేషను చదివాను. బడి దాటేసి, దారి చూస్తున్నదనే దగ్గర దిగాను.

"గంతేనా?" అంది అవ్వ.

"గంతే."

"మల్లొకపారి సదువు."

చదివాను. మళ్ళీ అక్కడే దాటాను.

"స్టేషన్ కాడికి రాంగనె జర ఆగుతున్నవ్. గాడేమున్నది?"

"సుక్క ఉన్నదవ్వా. మాట అయిపోతె సుక్క పెడ్తరు."

"మరి బడి ముచ్చట రాయలేదా బావ?"

నేను కార్డు దించాను. అవ్వ నాలుక కరుచుకుంది. ఒకే ఇంటికి కన్నం వేయబోయి చీకట్లో ఎదురుపడ్డ దొంగల్లా ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

"నీకెర్కనే గదా," అన్నాను.

"నీకు గూడ ఎర్కనేనా?"

"ఉగాది కాడికెల్లి ఎర్క."

అవ్వ చెల్లె తల వదిలేసింది. "ఏమనాల్నే నేను? మా అవ్వ సచ్చిపోతె మా అక్క నన్ను సంకనేసుకొని పెంచింది. నా పెండ్లి అయినంకనే తను చేసుకున్నది. ఏనాడు ఒక్కటి అడగలే. అడగక అడగక గిది అడిగింది. లేదని ఎట్లనాలె?"

"మరి సరేనని ఎట్లనాలె?"

"సరే అనలే! మీ బాపు సూద్దామన్నడు. ఒక వారం ఖాళీ ఉన్నది, పిల్ల వచ్చి ఉంటది, మనసున పడితె సూద్దామన్నడు."

"నా మనసా, పెద్దమ్మ మనసా?"

అవ్వ నోరు తెరిచింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా కళ్ళలో కూడా తిరగడానికి సిద్ధంగా ఉన్నాయి. తల్లీకూతుళ్ళం కౌగిలించుకోవాల్సిన సరైన సమయానికి చెల్లె, "అవ్వా, గింజ," అంది. ఎక్కడ దాచిందో చింతగింజ, ముక్కులో దోపుకుంది. తర్వాత అరగంట ఇద్దరం దాని ముక్కు పనిలోనే ఉన్నాం. గింజ వచ్చింది. కన్నీళ్ళు తిరిగి రాలేదు.

*

ఆ మధ్యాహ్నమే గోడ దగ్గర పీట వేసుకుని నిలబడ్డాను. ఆలోచన నాకు చార్టే ఇచ్చింది. రాసింది కొట్టేయకూడదు. బదిలీ కావాలంటే ఇద్దరి సంతకం కావాలి. కానీ ఖాళీగా ఉన్న గడిలో రాయడానికి ఎవరి సంతకం కావాలో బాపు చెప్పలేదు. పెన్సిలు నాలుకకు అద్దుకుని, నా వరుసలో, నాలుగో వారం గడిలో రాశాను: 'పెద్దమ్మ. డ్యూటీ: బోధన్‌లో మా ఇంట్లో.'

సాయంత్రం భోంగా కూసింది. బాపు వచ్చాడు, కాళ్ళు కడుక్కున్నాడు, చార్టు ముందు ఆగాడు.

"ఎవలు రాసిండ్రిది?"

నేను చెల్లె వెనక నిలబడ్డాను.

"నాలికలు సూపెట్టుండ్రి."

అక్క చూపించింది. చెల్లె అడగకముందే చూపించింది. నేను వద్దనుకున్నాను, కానీ అప్పటికే నా పెదవులు రెండూ నేరేడుపండు తిన్నట్టున్నాయి.

"కొట్టెయ్యి," అంది అవ్వ. "మా అక్కను డ్యూటీ మీద పిలుస్తరా ఎవలన్న? నవ్వుతరు."

"కొట్టెయ్యద్దు," అన్నాడు బాపు.

అంత తొందరగా అనడమే నాకు మళ్ళీ అనుమానం. ఆయన ముఖంలో కోపం వెతికాను, దొరకలేదు. ఉన్నదేమిటో అప్పుడు తెలియలేదు. బిగుసుకున్న నట్టు ఎవరో వదులు చేసి ఇస్తే మేస్త్రి ముఖంలో ఉండేదే అది అని తర్వాత అనుకున్నాను. "షిఫ్టు రాయలేదు," అని మాత్రం అని, నా అక్షరాల కింద 'జనరల్' అని రాశాడు. తర్వాత కార్డు తీసుకుని పెద్దబాపుకు జవాబు రాశాడు. 'చార్టు ప్రకారం ఈసారి వదినెగారే ఇక్కడికి రావలసి ఉన్నది.'

పెద్దమ్మ రైలు దిగి వచ్చింది, ముఖం నిండా అనుమానంతో. గుమ్మంలోనే, "ఎవలికేమైంది? దాయకుండ్రి," అంది. చెల్లె నుదురు పట్టి చూసింది. అవ్వ కడుపు వైపు చూసింది. బాపు వేళ్ళు పదీ ఉన్నాయో లేదో చూసింది. అందరం బాగానే ఉన్నామని తెలిసి ఇంకా కంగారు పడింది.

"ఏమీ గాకుంట పిలుస్తరా, మర్దీ?"

"చార్టుల వచ్చింది వదినె," అన్నాడు బాపు, వానొచ్చింది అన్నట్టు.

నేను ఆమె ట్రంకు పెట్టె లోపలికి తీసుకుపోయాను. పెద్ద పెట్టె, కానీ ఒక్క చేతికే లేచింది. తెరిస్తే రెండు చీరలు, దారం కొలత ప్రకారం కుట్టించిన చెప్పుల జత. మిగతా అంతా ఖాళీ. ఖాళీ గడి అయిపోయింది, ఖాళీ పెట్టె వచ్చింది. నా లంగాలు అందులో ఎన్ని పడతాయో చూసుకుని మూత వేశాను.

ఆ వారం పెద్దమ్మ నిజంగానే డ్యూటీ చేసింది. పొద్దున భోంగాకు లేచేది, సాయంత్రం భోంగా దాకా కూర్చునేది కాదు. మిరపకాయలు తొడిమలు తీసింది, పాత చీరలతో బొంత కుట్టింది, నా జడ రోజుకు రెండుసార్లు వేసింది. ఒకసారి వేసిన జడే విప్పి మళ్ళీ వేసేది. మూడో రోజు కావాలనే నేను జడ పాడుచేసుకుని వచ్చాను. ఎందుకో నాకే తెలియదు. నా మీద నాకే అనుమానం వచ్చిన సందర్భం అదొక్కటే.

నాలుగో రోజు ఆమె చార్టు ముందు నిలబడింది. ఆమెకూ చదువు రాదు.

"ఇండ్ల నా పేరేడున్నదే?"

చూపించాను.

"ఎవలు రాసిండ్రు? మీ బాపా?"

"నేనే."

"నువ్వా!" ఆమె సంతోషించింది. తర్వాత వేలితో గడి తడిమి, వెనక్కి వరుస వెంబడి పోయి, మూడు వరుసల్లో అది నడిమిదని చూసి ఆగింది. "ఇది నీ లైను గద. గీ వారం నువ్వు నా ఇంటికి రావాలె. నువ్వు రాకుంట నన్ను పిల్చినవ్."

జీవితంలో నాకు జోకు దొరకని కొద్ది క్షణాల్లో అది ఒకటి.

"నా ఇంటికి రాబుద్ధి అయితలేదా బిడ్డా?"

"మీ ఇంట్ల దుప్పట్లు గూడ పసుపే పెద్దమ్మా."

పెద్దమ్మ గట్టిగా నవ్వింది. రెండిళ్ళ అవతల కుక్క మొరిగింది. నవ్వు అయిపోయాక కూడా ఆమె నా వైపే చూస్తూ ఉంది. ఇక దాటేయడానికి కార్డు లేదు.

"వస్త," అన్నాను. "కాని మల్ల వస్త. ఇంటికి. మల్ల వచ్చేటట్టు రాసిస్తవా?"

ఆమె కొంగు ముడి విప్పింది, మళ్ళీ వేసింది. "నాకు రాయరాదు గదనే."

"ఏలిముద్ర ఏస్తె సాలు. మిల్లుల గదే కాయిద."

వంటింట్లో అవ్వ గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అవ్వ వింటున్నదని మా ఇద్దరికీ తెలుసు.

"ఎన్ని దినాలు?" అంది పెద్దమ్మ.

"ఆరు."

"ఏడు."

"ఆరు, పెద్దమ్మా. వారంల ఏడో రోజు మిల్లుల గూడ సెలవే."

"మీ బాపు బిడ్డవే," అంది. అది మెచ్చుకోలో తిట్టో ఇప్పటికీ తేల్చుకోలేదు.

అయిదో వారం నా గడిలో తొక్కు పక్కన, 'నిజామాబాద్, ఆరు రోజులు, వాపసు' అని రాశాను. నేను సంతకం చేశాను. నాకు సంతకం వచ్చని అక్క అప్పుడే కనిపెట్టింది. పెద్దమ్మ బొటనవేలు తడి చేసి దానికి పెన్సిలు రుద్దాను. ఆమె వేలు కాగితం మీద పెట్టి, అవసరమైన దానికంటే ఎక్కువసేపు నొక్కి పట్టింది. తీసేసరికి ఊదారంగు ముద్ర పడింది, మధ్యలో కొంచెం చెదిరి. తొక్కు దగ్గర నా వాటా పని తన మీద పడుతుంది కాబట్టి తన సంతకం కూడా ఉండాలని అక్క పట్టుబట్టింది. బదులుగా ఆరు రోజులు కిటికీ దగ్గరి మంచం రాయించుకుంది.

సాయంత్రం బాపు చార్టు చూశాడు. "వాపసు," అని పైకి చదివాడు. "మంచిది. వాపసు రాయకుంటె సామాను ఏడనో పోతది." అవ్వ ఆ పూట నాకు మీగడ వేయలేదు. కొంచెం నెమ్మది అనిపించింది.

*

నిజామాబాద్‌లో ఆరు రోజులు ఉన్నాను. అన్నీ చెప్పను. పెద్దమ్మ నన్ను చుట్టుపక్కల ఇండ్లన్నిటికీ తిప్పింది. "మా చెల్లె బిడ్డ, ఆరు దినాలకు వచ్చింది," అని ప్రతి గుమ్మంలోనూ తనే ముందుగా చెప్పింది, ఇంకొకరు అడిగేలోపు. పెద్దబాపు బడి ముచ్చట ఎత్తలేదు. ఆరో రోజు పొద్దున నా పెట్టె సర్దుతూ పెద్దమ్మ నా లంగాలు లెక్కపెట్టింది. నేనూ లెక్కపెట్టాను. ఒకటి తక్కువ వచ్చింది. తలుపు వెనక తాడు మీద ఆరేసి ఉంది, మూడు రోజుల కింద ఎండినది. "అగో, మర్సిన," అంది. నేను దాన్ని తీసుకోలేదు. "ఉండనియ్యి, మల్ల వచ్చినప్పుడు కట్టుకుంట," అన్నాను. ఆమె దాన్ని మడిచి తన చీరల మధ్య పెట్టుకుంది.

పెద్దబాపు నన్ను బోధన్ రైల్లో తెచ్చి దింపాడు. క్వార్టర్ల వరసలో మూడో ఇంటి ముందుకు రాగానే నా నడక నెమ్మదించింది. వాపసు అని రాసుంది, నిజమే. వేలిముద్ర ఉంది. కానీ మూడో ఇంటి పిల్ల కూడా వాళ్ళింటికి వచ్చిందిగా. వచ్చిందా లేదా అనేది కాదు సంగతి. సాసరుతో ఇస్తారా లేదా అన్నదే.

గుమ్మంలో నిలబడ్డాను. అవ్వ జాడీకి గుడ్డ కడుతూ తలెత్తింది. ఒక్క క్షణం అలాగే చూసింది. నేను ఆమె చేతుల వైపు చూశాను, మంచం వైపు చూపిస్తాయేమోనని.

"ఎండల గట్ల నిలవడ్డవేందే?" అంది. "ఆ బిందె తీస్కరా. మీ పెద్దబాపుకు నీళ్ళియ్యి. ఆ కాళ్ళేంది, పసుపు తొక్కొచ్చినవా? కడుక్కో ముందు!"

పెద్దబాపుకు చాయ్ సాసరుతో వచ్చింది. నాకు కప్పు కూడా రాలేదు. అక్క వదిలేసిన గ్లాసులో మిగిలింది తాగమన్నారు. అంత రుచిగల చాయ్ నేను మళ్ళీ తాగలేదని రాస్తే బాగుంటుంది కానీ, నిజానికి అది చల్లారిపోయింది, చక్కెర కూడా తక్కువ. చక్కెర మిల్లు ఊళ్ళో ఎప్పుడూ అంతే.

మరుసటి ఏడు బాపు మళ్ళీ నక్షా కాగితం తెచ్చి గడులు గీశాడు. నా వరుస చివరిదాకా నిండి ఉంది. అయిదో వారంలో ఎవరూ అడగకుండానే 'నిజామాబాద్, వాపసు' అని ఉంది. నిశ్చింతగా కింది వరుసకు కళ్ళు దించాను. చెల్లె వరుసలో ఒక గడి ఖాళీగా ఉంది.

చెల్లెకు ఇంకా చదవడం రాదు. నేను పీట తెచ్చుకుని, పెన్సిలు కోసం వెతికాను.